నెంబర్ల కొండ

హైదరాబాదు చూడబోయినవాళ్ళు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, యింకా తీరిక మిగిలితే "సినిమావాళ్ళ యిళ్ళు చూసివద్దాం" అని జూబిలీహిల్స్ కొండ ఎక్కుతారు. ఎక్కినవాళ్ళకు కనిపించేవి పెద్ద పెద్ద ప్రహరీగోడలు, యినపగేట్లు, గేటుముందు కుర్చీలో కునికిపాట్లు పడే కాపలావాళ్ళు, గోడమీదినుంచి వీధిలోకి తొంగిచూసే కాగితంపూలు. యింతే. యిళ్ళు కనిపిస్తాయిగాని యింటివాళ్ళు కనిపించరు.

యిక్కడి రోడ్లకు నెంబర్లే పేర్లు. ఒకటి పక్కన రెండు, రెండు పక్కన మూడు వుండాలన్న పట్టింపు యీ కొండమీద లేదు. ఒక నెంబరు రోడ్డులో నుంచుని దాని తరవాతి నెంబరు ఎక్కడని అడిగితే ఆటోవాడు మనల్ని ఎగాదిగా చూసి, "వూరికి కొత్తా?" అంటాడు. నెంబర్లు వేసిన మహానుభావుడెవరోగాని, ఆయనకు లెక్కలకన్నా కవిత్వం ఎక్కువ వచ్చివుండాలి.

1960ల్లో యిదంతా రాళ్ళగుట్ట. చల్లగళ్ల నరసింహంగారు సహకార గృహనిర్మాణ సంఘం పెట్టి, యీ బండలమధ్య వూరు కట్టవచ్చునని జనాన్ని నమ్మించారు. తరవాత మద్రాసునుంచి తెలుగు సినిమా ఒక్కొక్క అడుగే యిటు వెయ్యడం మొదలుపెట్టింది. 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావుగారు కొండ అంచున అన్నపూర్ణా స్టూడియో కట్టారు. ఆ వెనక పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, సినిమావాళ్ళకోసం ఫిలింనగర్ వెలిసింది. యిప్పుడు గుట్టలు కనబడాలంటే ఎవరి పెరట్లోనో వెతుక్కోవాలి.

బెజవాడ గాంధీనగరంలో ఒక ఫిలిం డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో ముప్ఫై యేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనక, యీ కొండమీది పేర్లన్నీ నాకు కంఠోపాఠమే. కాని యీమారు నేను వెళ్ళింది సినిమావాళ్ళ యిళ్ళు చూడటానికి కాదు, మా అక్కయ్య కళ్ళు చూపించడానికి.

సినిమా యిచ్చిన కళ్ళు

మా మేనల్లుడు, అంటే అక్కయ్య కొడుకు, కొండ కిందనున్న కృష్ణానగరులో కాపురముంటున్నాడు. ఆస్పత్రుల కాగితాలు కంప్యూటర్లలోకి ఎక్కించే పని అతనిది. పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. అక్కయ్య చంకలో ఒక గుడ్డసంచీ. ఎవరి పెళ్ళిలోనో తాంబూలంతోపాటు యిచ్చినది. వధూవరుల పేర్లు దానిమీద యింకా చెరిగిపోలేదు. అందులో యిరవై యేళ్ళ కాగితాలు: మందుల చీట్లు, రక్తపరీక్షలు, ఎక్సురే ఫిల్ములు, రేషనుకార్డు నకళ్ళు. బంగారం బీరువాలో వదిలేసి వస్తుందిగాని, యీ సంచీని మాత్రం వదలదు.

దానికి కారణం వుంది. అక్కయ్యకు సల్ఫా మందులు పడవు. ఆ సంగతి రాసిన చీటీ ఒకసారి వర్షానికి తడిసి పాడైపోయింది. కొన్నాళ్ళకు జ్వరమొస్తే మా వూళ్ళో ఒక నర్సింగుహోములో చేర్చాం. పేరెందుకు లెండి. ఆమె తెలివిలో లేదు, మేము యింకా చేరలేదు. ఆ మందే యిచ్చారు. వొళ్ళంతా పొక్కి, వారంరోజులు ప్రాణంతో పోరాడింది. అప్పటినుంచీ సంచీ ఆమెకు రక్షరేకు.

బంజారాహిల్స్ 2వ నెంబరు రోడ్డులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ వుంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, 1931లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'లో వేషం వేసి, 'షావుకారు', 'మిస్సమ్మ' లాంటి సినిమాలు తీసిన ప్రసాదుగారు యీ ఆస్పత్రికోసం అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు యిచ్చారు. అమెరికాలో ఉద్యోగం వదులుకుని వచ్చిన డాక్టరు గుల్లపల్లి నాగేశ్వరరావుగారు దీన్ని నిలబెట్టారు. చూశారా, యీ కొండకు నాగేశ్వరరావులు యిద్దరు! ఆ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

కిటికీ దగ్గర అమ్మాయి అక్కయ్య పాత నెంబరు కొట్టింది. యేడేళ్ళకిందట మొదటి కంటికి ఆపరేషను చేసినప్పటి వివరాలు తెరమీద కొచ్చాయి. లోపల డాక్టరమ్మ, "అమ్మా, మీకు సల్ఫా పడదు గదూ?" అని ముందే అడిగింది. అక్కయ్య సంచీ విప్పబోతూ ఆగిపోయి నాకేసి చూసింది. యిరవై యేళ్ళుగా తాను మోసినది ఎవరో తీసి దించినట్టయింది ఆమె ముఖం.

యీ సంస్థ 2010 నుంచీ కంటిరోగుల వివరాలు కంప్యూటరులో పెట్టుకునే ఏర్పాటు తనంతట తానే తయారుచేసుకున్నది. పల్లెల్లో వున్న చిన్న చిన్న కంటి కేంద్రాలకూ, పట్నంలోని పెద్ద ఆస్పత్రికీ దాంతో ముడి కలిసింది. పల్లెలో చూపించుకున్నవాడు పట్నానికొస్తే మళ్ళీ మొదటినుంచీ తన కథ చెప్పుకోనక్కరలేదు.

"అన్ని ఆస్పత్రులూ యిట్లాగే వుంటే యెంత బాగుండు!" అన్నది అక్కయ్య బయటి కొచ్చాక.

"ఆ పనే జరుగుతున్నదమ్మా, దేశమంతటికీ," అన్నాడు మేనల్లుడు.

దాచినది, చెప్పినది

ఎడంపక్క కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. పట్నం నడిబొడ్డున యింత అడవి మిగిలివుండటమే వింత. నెమళ్ళ కేకలు రోడ్డుమీదికి వినిపిస్తాయి. డయాబెటీసువాళ్ళంతా దానిచుట్టూ పొద్దుటా సాయంత్రమూ ప్రదక్షిణం చేస్తుంటారు. దేవుడికికూడా అంత భక్తిగా చెయ్యరు.

పార్కు దాటితే అన్నపూర్ణా స్టూడియో, ఆ పైన జూబిలీహిల్స్ చెక్‌పోస్టు. 2019 నుంచీ యిక్కడ మెట్రో రైలు ఆగుతున్నది. ఆ దగ్గర్లోనే చిరంజీవిగారి బ్లడ్‌బ్యాంకు వుంది, 1998లో పెట్టినది. అభిమానం జెండాలు కట్టడంతో ఆగిపోకుండా సీసాల్లోకి రక్తంగా దిగిన చోటు యిది.

అన్నపూర్ణా స్టూడియో గేటుముందు కారు నెమ్మదించింది. నాగేశ్వరరావుగారికి 1974లో అమెరికాలో గుండె ఆపరేషను జరిగింది. ఆ తరవాత నలభై యేళ్ళు బతికి చూపించారు. 2013 అక్టోబరులో తనకు కేన్సరు వచ్చిన సంగతి పత్రికలవాళ్ళను పిలిచి తానే చెప్పారు. 2014 జనవరి 22న వెళ్ళిపోయారు.

యిందులో ఒక విశేషం వుంది. ఫిలింనగర్‌లో ఏ కబురూ దాగదు. ఎవరికి దగ్గొచ్చినా సాయంత్రానికి అది క్షయగా మారి వూరంతా తిరుగుతుంది. అల్లాంటి చోట, తన రోగం సంగతి ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు చెప్పాలో తానే నిర్ణయించుకున్నాడాయన. చెప్పడం గొప్పా, దాచడం గొప్పా అన్నది కాదు ప్రశ్న. చెప్పే హక్కు తన చేతిలో వుండటం గొప్ప.

యీ మాటే నేను పైకి అన్నాను. అక్కయ్య వూఁ కొట్టలేదు. సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నది. యెందుకో నాకప్పుడు తెలియలేదు.

46వ నెంబరు రోడ్డు

ఫిలింనగర్ పోయేదారిలో 46వ నెంబరు రోడ్డులో ఒక భవనం వుంది. సినిమా చూడవచ్చినవాళ్ళెవరూ దానికేసి చూడరు. అది ఆరోగ్యశ్రీ ట్రస్టు కార్యాలయం. కాని పల్లెటూళ్ళలో యెన్ని యిళ్ళలో దీపం ఆరకుండా నిలిచిందో ఆ భవనానికి తెలుసు.

వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా వుండగా, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో యీ పథకం మొదలై తరవాత రాష్ట్రమంతటికీ పాకింది. తెల్లకార్డు వున్నవాడు గుండె ఆపరేషనుకు కార్పొరేటు ఆస్పత్రి గడప తొక్కవచ్చునన్నది అప్పట్లో నమ్మశక్యం కాని మాట. పని జరిగే తీరు యిది: ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కార్డు చూసి పేరు రాస్తాడు. రోగి ఫొటో, పరీక్షల కాగితాలు కంప్యూటరులో యిక్కడికి పంపుతారు. యిక్కడి డాక్టర్లు చూసి సరేనంటే ఆపరేషను. ఆ తరవాత బిల్లు. అన్నీ కంప్యూటరుమీదే. కొండమీద కూర్చున్న డాక్టరుకు, శ్రీకాకుళంలో మంచమెక్కినవాడి గుండె కనిపించేదన్నమాట. 2014లో రాష్ట్రం రెండయ్యాక పథకమూ రెండయింది. తెలంగాణలో 2023 డిసెంబరులో యింటికి పది లక్షల రూపాయలదాకా వైద్యమన్నారు.

"అయితే యిందరి వివరాలూ యిక్కడ వున్నాయిగా. యింకా కొత్తగా కట్టేదేమిటి?" అన్నాను.

"యిక్కడున్నది బిల్లుకు కావలసిన వివరం మామయ్యా," అన్నాడు మేనల్లుడు. "రోగిని బతికించడానికి కావలసిన వివరం వేరు. ఫలానావాడికి ఫలానా ఆపరేషనయింది, యింత సొమ్ము యిచ్చాం. అంతవరకే. వాడికి ఏ మందు పడదో, అంతకుముందు పదేళ్ళు ఏ మాత్ర మింగాడో, ఆపరేషను తరవాత ఏమయ్యాడో బిల్లుకు అక్కరలేదు."

గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనక నాకు వెంటనే బోధపడింది. థియేటరు కలెక్షను రిపోర్టు చూసి సినిమాకథ చెప్పమంటే యెవడు చెప్పగలడు?

ఇంకొంచెం ముందుకు పోతే అపోలో ఆస్పత్రి. ప్రతాప్ సి. రెడ్డిగారు మద్రాసు తరవాత 1988లో యీ కొండమీద కట్టినది. ఆయన సొంతవూరు చిత్తూరు జిల్లా అరగొండ. 2000 సంవత్సరంలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు, ఆ పల్లెలోని రోగిని పట్నంలోని డాక్టరు తెరమీద చూసే ఏర్పాటును ప్రారంభించాడు. చూపు అప్పుడే దూరాలు దాటింది. కాగితాలే వెనకబడ్డాయి.

లాబ్ లెటరు

ఫిలింనగర్ దైవసన్నిధానం దగ్గర చెట్టునీడన కూర్చున్నాం. అక్కడే మేనల్లుడు దేశం సంగతి చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు కాకుండా, నాకు అర్థమైనట్టు చెబుతాను.

కేంద్రప్రభుత్వం యీ విషయం ఆలోచించడానికి వేసిన సంఘానికి అధ్యక్షుడు జె. సత్యనారాయణగారు, ఆంధ్రప్రదేశ్ కేడరు ఐ.ఏ.ఎస్. అధికారి. ఆ సంఘం గీసిన నమూనామీద 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో పని ప్రారంభమై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చింది. దాని పేరు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. కావాలన్న ప్రతివాడికీ పధ్నాలుగంకెల నెంబరొకటి యిస్తారు. దాన్ని ఆభా అంటున్నారు. తీసుకోవడం మన యిష్టం, బలవంతం లేదు.

"అంటే మన రోగాలన్నీ ఢిల్లీలో ఒక గదిలో పెట్టి తాళం వేస్తారా?" అన్నది అక్కయ్య.

"లేదమ్మా. ఏ ఆస్పత్రి కాగితం ఆ ఆస్పత్రిలోనే వుంటుంది. నెంబరు వాటన్నిటినీ కలిపే దారం. కొత్త డాక్టరుకు నీ పాత కాగితం కావాలంటే, ముందు నీ ఫోనుకు కబురొస్తుంది: ఫలానావారు అడుగుతున్నారు, ఫలానా కాగితాలు, యిన్నాళ్ళపాటు అని. నువ్వు సరేనంటేనే పంపుతారు. వద్దంటే లేదు. సరేనన్న తరవాత కూడా వెనక్కి తీసుకోవచ్చు."

"లాబ్ లెటరన్నమాట!" అన్నాను.

మద్రాసు రోజుల్లో సినిమా నెగెటివు లేబొరేటరీలో భద్రంగా వుండేది. అది లేబొరేటరీవాళ్ళ సొత్తూ కాదు, మా డిస్ట్రిబ్యూటర్ల సొత్తూ కాదు. నిర్మాతగారి సంతకంతో ఉత్తరం వెళితేనే ప్రింటు తీసేవారు. ఎక్కడుంది అన్నదానికన్నా యెవరి ఉత్తరంతో కదులుతుంది అన్నదే ముఖ్యం. ఉత్తరాల గొడవమీద యెన్ని కోర్టుకేసులు నడిచాయో నాకు తెలుసు. జాగ్రత్త చెయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు: ప్రసాదుగారు వేషం వేసిన ఆ 'ఆలం ఆరా' యివాళ చూద్దామంటే దేశంలో ఒక్క ప్రింటు కూడా లేదు.

మేనల్లుడికి హుషారొచ్చింది. "సంచీ యిట్లా యివ్వమ్మా. ముఖ్యమైనవి ఫోనులో ఫొటోలు తీసి నీ లెక్కలో పెట్టేస్తాను," అంటూ కాగితాలు ఒక్కొక్కటే తీసి చెట్టుకింది అరుగుమీద పరిచాడు. అయిదారు కాగితాలయ్యాక, పసుపుపచ్చబడిన ఒక చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

అక్కయ్య చటుక్కున లాక్కుంది. "యిది కాదు," అన్నది. "దీన్ని నేను చింపెయ్యనూ లేదు, ఎవరికీ చూపించనూ లేదు."

అది మా మనవరాలిది, అంటే అక్కయ్య కూతురి కూతురిది. పిల్లకు తొమ్మిదో యేట ఫిట్సు వచ్చాయి. మూడేళ్ళు మందు వాడి డాక్టరుగారు మానిపించేశారు. ఆ తరవాత పన్నెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. యిప్పుడు పిల్ల బి.ఎడ్. చదివి గుంటూరులో టీచరుగా వుంది. సంబంధం చూస్తున్నారు. నెలాఖరుకు పెళ్ళివారు మాటలకు వస్తారు.

"ఆ పెళ్ళివారు కూడా నెంబరు కొట్టి చూస్తారేమిట్రా?" అన్నది, గొంతు తగ్గించి.

"చూడలేరమ్మా. పిల్ల ఒప్పుకోందే యెవరూ చూడలేరు."

"పిల్ల ఒప్పుకోవడమంటే ఫోను పిల్లదేనా? రేపు పెళ్ళయ్యాక మొగుడి ఫోను నెంబరిస్తే?"

మేనల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. నిజమే, ఒక్క ఫోను నెంబరుమీద యింట్లో అందరి ఆభా నెంబర్లూ తీసుకోవచ్చు. మన యిళ్ళలో జరిగేదేమిటి? ఫోను మగవాడి జేబులో వుంటుంది. అత్తగారి రక్తపోటూ, భార్య గర్భస్రావమూ, చెల్లెలి ఫిట్సూ, అన్నిటికీ అనుమతి అడిగే కబురు ఆ ఒక్క జేబులోనే మోగుతుంది. చట్టం "రోగి అనుమతి" అంటుంది. రోగికి ఫోను లేకపోతే ఆ అనుమతి యెవరిది? 2023లో దేశంలో వ్యక్తుల వివరాల రక్షణకు చట్టం చేశారు, మంచిదే. కాని మా అక్కయ్య అడిగిన ప్రశ్న పార్లమెంటులో తేలేది కాదు, వంటింట్లో తేలాలి.

యింకొకటి కూడా వుంది. ఆస్పత్రి కిటికీ దగ్గర "యిక్కడ సంతకం పెట్టండి" అంటే, ఏమిటని అడక్కుండా పెట్టే జనం మనం. కాగితంమీద వేలిముద్ర యెంత సులభమో, ఫోనుమీద "సరే" అన్నది నొక్కడం అంతకన్నా సులభం.

కృష్ణానగరు నాగేశ్వరరావు

సాయంత్రం కృష్ణానగరు చేరాం. కొండమీద స్టార్లు, కొండకింద జూనియర్ ఆర్టిస్టులు, లైటుబాయిలు, మేకప్పువాళ్ళు. టీకొట్టు దగ్గర నుంచుంటే పదిమందిలో నలుగురి ముఖం యెక్కడో చూసినట్టే వుంటుంది. చూసే వుంటారు, పెళ్ళిసీనులో మూడో వరసలో.

మేనల్లుడి వాటా పక్క వాటాలో ఒక పెద్దాయన వున్నాడు. "నలభై సినిమాల్లో డాక్టరుగారి వెనకాల తెల్లకోటు వేసుకుని నుంచున్నానండీ. 'అయామ్ సారీ' అనేది ముందువాడు. తల వంచుకోవడం నా డ్యూటీ," అన్నాడు. అయిదేళ్ళకిందట ఆయనకే గుండెపోటు వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డుమీద స్టెంటు వేశారు. "నిజం డాక్టరు వెనకాల యెవరూ తల వంచుకోలేదు. బతికాను."

ఆయన కష్టం వేరు. అమ్మా నాన్నా పెట్టిన పేరు నాగేశ్వరరావు. సినిమాల్లోకి వచ్చాక, ఆ పేరుతో అంత పెద్దాయన వుండగా మనకెందుకని మార్చుకున్నాడు. రేషనుకార్డులో పాతపేరు, యింటిపేరు ముందు. ఆధారులో యింటిపేరు వెనక. ఆస్పత్రి చీటీలో కొత్తపేరు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కచోట ఒక్కొక్కరకం. ఆయన ఒకే మనిషి, కాగితాలమీద నలుగురు.

మీరు నవ్వకండి. దేశమంతటికీ ఒక్క లెక్క కట్టాలంటే మొదట అడ్డం వచ్చేది యీ చిక్కే. మన జిల్లాల్లో శ్రీనివాసరావులెందరు, వెంకటలక్ష్ములెందరు? ఒకే పేరున్న యిద్దరి కాగితాలు కలిసిపోతే, ఒకరి రక్తం గ్రూపు యింకొకరికి అంటుకుంటే, అది లెక్కల తప్పుతో పోదు, ప్రాణం పోతుంది. పెళ్ళయిన ఆడపిల్లకు యింటిపేరు మారుతుంది. పుట్టింటి కాగితాలు పుట్టింట్లోనే ఆగిపోతాయి. అంచేతనే పేరు కాకుండా నెంబరు కావాలన్నారు. రోడ్లకు పేర్లు లేవని పొద్దున వేళాకోళం చేశానుగాని, మనుషుల విషయంలో నెంబరుకు ఒక న్యాయం వున్నదని ఆ పెద్దాయన్ని చూశాక ఒప్పుకోక తప్పలేదు.

పరదేశాల పాఠం

రాత్రి భోజనాలయ్యాక మేనల్లుడు బయటిదేశాల కబుర్లు చెప్పాడు. ఇంగ్లండులో 2002లో దేశమంతటి రోగుల వివరాలూ కంప్యూటర్లలో పెట్టాలని గొప్ప పథకం వేశారు. పైనుంచి హుకుం వచ్చిందిగాని, వాడవలసిన డాక్టర్లూ నర్సులూ సరిగా కలిసిరాలేదు. కోట్లమీద కోట్లు ఖర్చయ్యాక 2011లో ఆ పథకాన్ని విప్పేశారు. యెస్తోనియా అనే చిన్నదేశం, జనాభా పదమూడు లక్షలు, 2008 నుంచీ నడుపుతున్నది. అక్కడ రోగి తన కాగితాలు తాను చూసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, వాటిని యెవరెవరు తెరిచి చూశారో కూడా చూసుకోవచ్చు. యింటికి తాళం వెయ్యడం ఒకటి, ఎవరు తలుపు తీశారో తెలియడం యింకొకటి.

మనదేశంలోనూ దెబ్బ తగిలింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి కంప్యూటర్లమీద దుండగులు దాడి చేశారు. సుమారు రెండువారాలు చీట్లూ, బిల్లులూ మళ్ళీ చేత్తో రాసుకోవలసివచ్చింది. కాగితం తడుస్తుంది, చిరుగుతుంది. కాని యెక్కడో కూర్చున్న దొంగ ఒక్క రాత్రిలో లక్షమంది సంచీలు యెత్తుకుపోలేడు. కంప్యూటరయితే పోగలడు.

మన పల్లెల్లో కూడా పని మొదలైంది. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఆరోగ్యకార్యకర్తలను యింటింటికీ పంపి, పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళ ఆరోగ్యవివరాలు రాయించడం ప్రారంభించింది. పెద్ద ఆస్పత్రుల్లో ఓపీ చీటీకి వరసలో నుంచోకుండా, ఫోనుతో గోడమీది గళ్ళబొమ్మ ఫొటో తీస్తే పేరు నమోదయ్యే పద్ధతి కూడా 2022 నుంచీ వచ్చింది. అది మంచి సుఖం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు యింకా సుఖం.

కాని అసలు సంగతి డాక్టరు దగ్గర వుంది. ఒక్క పొద్దున వందమందిని చూసే సర్కారు డాక్టరుకు నాడి పట్టుకోవడానికే తీరిక వుండదు; అక్షరాలు కొట్టమంటే యెప్పుడు కొడతాడు? కొడుతూ కూర్చుంటే రోగి ముఖం యెప్పుడు చూస్తాడు? పక్కన రాసేవాళ్ళను పెట్టాలి, తెలుగులో చెబితే ఎక్కే యంత్రం పెట్టాలి. రాసినది తప్పయితే దిద్దించుకునే దారి రోగికి వుండాలి. యీ మూడూ లేకుండా నెంబర్లెన్ని పంచినా, ఖాళీ సంచీలు పంచినట్టే.

నాకు తోచినది చెబుతాను. యిది రావాలి. సల్ఫా పడదన్న ఒక్క ముక్క అందక మా అక్కయ్య పడిన బాధ యింకొకరు పడకూడదు. కాని తాళంచెవి యెవరి మొలలో వుందన్నది ప్రతి యింట్లోనూ కూర్చుని తేల్చుకోవాలి. ఆడవాళ్ళకు, వయసొచ్చిన పిల్లలకు యెవరి నెంబరు వాళ్ళ ఫోనుమీదే తీసుకోవాలి. ఫోను లేకపోతే ముందు ఫోను కొనాలి; నగ తరవాత.

మర్నాడు పొద్దున్నే అక్కయ్య నన్ను బజారుకు తీసుకుపోయి, తనకంటూ ఒక చిన్న ఫోను కొనుక్కున్నది. మనవరాలికి దానిమీదే మొదటి కాల్. యేం మాట్లాడుకున్నారో నేను వినలేదుగాని, చివర్న ఫోను నాకిచ్చింది.

"తాతయ్యా," అన్నది పిల్ల, "నా కాగితం సంగతి అమ్మమ్మ చెప్పింది. దాన్ని కంప్యూటరులో పెట్టండి. నాకేదైనా అయితే డాక్టరుకు తెలియాలి గదా. పెళ్ళివారికి మాత్రం కంప్యూటరు చెప్పనక్కరలేదు, మీరూ చెప్పనక్కరలేదు. అబ్బాయి వచ్చినప్పుడు నేనే చెబుతాను. అది విని లేచిపోయేవాడయితే, పోనివ్వండి."

పెళ్ళివారు పోయిన ఆదివారం గుంటూరు వచ్చి వెళ్ళారు. పిల్ల చెప్పింది. అబ్బాయి అంతా విని, ఆ డాక్టరుగారి పేరడిగాడట. "ఇంటికెళ్ళి జవాబు రాస్తాం" అన్నారు పెద్దవాళ్ళు.

జవాబు యింకా రాలేదు. అక్కయ్య ఫోను పక్కలో పెట్టుకుని పడుకుంటున్నది.